అడయారు తోట – ఒక తెలుగు బాలుడు

చెన్నపట్టణంలో కాపురమున్న ఆంధ్రులలో అడయారు వంతెన దాటని వారుండరు. వంతెన మీద నుండి తూర్పుగా చూస్తే, నది సముద్రంలో కలిసే చోట, దక్షిణపు గట్టున దట్టమైన చెట్లూ, వాటి నడుమ ఒక పాత మేడా కనుపిస్తాయి. అదే దివ్యజ్ఞాన సమాజం వారి ప్రధాన స్థానం. యీ ఉగాది సంచికకు ఏమి వ్రాయుదుమా అని ఆలోచించినపుడు మాకు ఆ తోటే జ్ఞాపకం వచ్చింది. కారణం చివర మనవి చేస్తాము.

దొరల కాలంలో సంపన్నులైన తెల్లవారు తోటల నడుమ బంగళాలు కట్టుకొని వుండేవారు. హడిల్‌స్టన్ తోట అట్టిది; విస్తీర్ణం 27 ఎకరాలు. నీలగిరుల పాదం దాకా రైలు పడిన తరువాత దొరలు ఊటీ దారి పట్టారు. యిక్కడి బంగళాల ధరలు పడిపోయాయి. 1875లో న్యూయార్కులో సమాజాన్ని స్థాపించిన వారిలో ముఖ్యులైన మేడం బ్లావట్‌స్కీ, కర్నల్ ఆల్కాట్ 1882లో దీనిని సుమారు 9,000 రూపాయలకు కొని, ఆ డిసెంబరులో బొంబాయి నుండి వచ్చి ప్రవేశించారు. 1886లో ఆల్కాట్ యిక్కడ గ్రంథాలయం నెలకొల్పాడు. 1907లో అధ్యక్షురాలైన అనిబిసెంటమ్మగారి కాలంలో ఇరుగు పొరుగు తోటలు చేరి, 27 ఎకరాల తోట అనేక రెట్లు పెరిగింది.

నియమిత వేళలలో సందర్శకులను లోనికి రానిస్తారు. మేడలోని పెద్ద హాలులో స్థాపకుల విగ్రహాలు, గోడల మీద సర్వమతాలకు సంబంధించిన శిల్పాలు వున్నాయి. తోటలో దేవాలయం, బౌద్ధ మందిరం, చర్చి, మసీదు వేర్వేరుగా కట్టారు. అన్నిటి కన్న జనాన్ని ఆకర్షించేది మహావటవృక్షం.

యిక మన తెలుగువారి కథ. జిడ్డు నారాయణయ్యగారు రెవిన్యూ శాఖలో ఉద్యోగం చేసి విరమించిన వారు, సమాజ సభ్యులు. భార్య సంజీవమ్మగారు 1905లో కడపలో గతించారు. 1909 జనవరిలో ఆయన తల్లిలేని పిల్లలను వెంటబెట్టుకొని సమాజంలో పనికి అడయారు వచ్చారు. 1895లో మదనపల్లెలో పుట్టిన కృష్ణమూర్తి అప్పటికి బక్కపలచని పిల్లవాడు. బడిలో మందమతి అని పేరుపడి దెబ్బలు తినేవాడు. ఆ యేడే లెడ్‌బీటరు దొర సముద్రపు ఒడ్డున వానిని చూచి, యితడు జగద్గురువు కాదగినవాడని చెప్పాడు. 1910లో తండ్రి కృష్ణమూర్తి, నిత్యానందుల పోషణను వ్రాతపూర్వకంగా బిసెంటమ్మగారికి అప్పగించారు.

పిల్లలు సీమకు వెళ్లారు. తండ్రి మనస్సు మారింది. 1912లో పిల్లలను తిరిగి యిప్పించవలసినదని దావా వేశారు. 1913లో మద్రాసు హైకోర్టు తండ్రి పక్షాన తీర్పు చెప్పింది. 1914లో లండను ప్రీవీ కౌన్సిలు దానిని కొట్టివేసింది. పిల్లలు యింటికి రాలేదు. నారాయణయ్యగారు 1924లో కాలం చేశారు.

ఆ బాలుని కోసం ఏర్పరచిన నక్షత్ర సంఘాన్ని 1929లో ఆయనే రద్దు చేసి, తాను ఎవరికీ గురువును కానన్నారు. సమాజాన్ని విడిచారు. దాదాపు అర్ధశతాబ్ది పిమ్మట 1980లో మరల యీ తోటలో అడుగు పెట్టారు. 1986 జనవరిలో తాను బాల్యంలో ఆడుకొన్న ఆ తీరాన నడచి, అమెరికా వెళ్లి ఫిబ్రవరి 17న కన్నుమూశారు. లోకమంతా ఆయన ఉపన్యాసాలు ఇంగ్లీషులో విన్నది. తెలుగు మాత్రం ఆయన చిన్ననాడే మరచిపోయారు.

మొదట చెప్పిన కారణం యిదే. మంచి చదువు, మంచి తోట, పెద్దల ఆదరం అన్నీ అమరినా, ఇంట తెలుగు పలకరింపు కరువైతే భాష ఎంత త్వరగా జారిపోతుందో యీ కథ చెబుతున్నది. మన పిల్లలను ఎవరూ తీసుకొని పోలేదు. మన యిళ్లలోనే వున్నారు. అయినా వారి నోట తెలుగు ఎంత మిగిలిందో ప్రతి తల్లీ తండ్రీ ఎరుగుదురు.

1989లో గాలివానకు ఆ మర్రి మూలకాండం కూలిపోయింది. నేలను తాకి నాటుకొన్న ఊడలు మాత్రం నిలిచి చెట్టును బ్రతికిస్తున్నవి. యీ ఉగాదికి వీలు చూచుకొని పిల్లలను అక్కడికి తీసుకొని వెళ్లండి. ఆ బాలుని కథ వారికి తెలుగులోనే చెప్పండి.