మేడ్చల్ మిట్టకు ఇరుప్రక్కల వాగులు

నదుల చరిత్ర వ్రాయబూనినవారు గోదావరీ కృష్ణలతో ఆరంభించి, మూసీ మంజీరలను స్పృశించి, అంతటితో విరమించుట మనలో పరిపాటి యైనది. ఆ నదులకు ఏ ఊరి పొలిమేరనుండి ఏ నీరు చేరుచున్నదో తెలుపు వ్రాతలు మిక్కిలి అరుదు. హైదరాబాదునకు ఉత్తరమున మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములందు పారు వాగులు సామాన్యమైన దేశపటములందు కానరావు. అయినను దక్కను పీఠభూమిని రెండు మహానదీక్షేత్రములుగా విభజించు మిట్ట ఈ సీమ చేరువనే సాగుచుండుటచేత, వీని గమనమును ఎరిగినవానికి తెలంగాణపు జలచరిత్రలో సగము తెలిసినట్లే యని నా విశ్వాసము.

మేడ్చల్ దాటి తూప్రాన్ దిక్కునకు పోవు బాటసారి కొండ నెక్కిన జాడగాని కనుమ దిగిన గుర్తుగాని ఎరుగడు. గత శతాబ్దారంభమున నిర్మితమై, బొల్లారం, మేడ్చల్, మనోహరాబాద్, మాసాయిపేటల మీదుగా బాసర చేరు గోదావరి లోయ రైలుమార్గము సైతము సొరంగమేదియు లేకయే కృష్ణాక్షేత్రమునుండి గోదావరీక్షేత్రమునకు జారిపోవుచున్నది. మిట్టకు ఉత్తరమున వర్గల్, తూప్రాన్ సీమల వాననీరు హల్దీ వాగై మెదక్ ప్రాంతమున మంజీరలో కలిసి, నిజాంసాగరము మీదుగా కందకుర్తి వద్ద గోదావరిని చేరును. దక్షిణమున కొంపల్లి చేరువనున్న ఫాక్స్‌సాగర్ నీరు కూకట్‌పల్లి నాలాగా హుస్సేన్‌సాగరునకును, అచటినుండి మూసీకిని పోవును. శామీర్‌పేట పెద్దచెరువు మత్తడి దుంకిన నీరు ఆ ఊరి పేరనే వాగై, బొమ్మలరామారం మీదుగా భువనగిరి సీమకు సాగి మూసీ పాలగును. మూసీయో వాడపల్లి వద్ద కృష్ణలో లీనమగును. జర్మనీ దేశమున నల్లడవి కొండలపై కురిసిన వానలో ఒక పాలు డాన్యూబు వెంట నల్లసముద్రమునకును, మరియొక పాలు రైను వెంట ఉత్తరసముద్రమునకును పోవునట, ఇక మరల కలియుట లేదు. మన మిట్టపై విడిపోయిన నీరు మాత్రము తుదకు ఒక్క బంగాళాఖాతమునే చేరుచున్నది.

ఈ వాగులు కేవలము ప్రకృతిసిద్ధములు కావు. నేల గట్టి రాతి పలకపై పరచుకొన్న పలుచని ఎర్ర చల్క. వాన నాలుగు నెలలు మాత్రమే. ఇట్టిచోట కురిసిన నీరు ఇంకుట తక్కువ, పరుగు లెక్కువ. అందుచేత రెండు గుట్టల నడుమనున్న ఒర్రెకు అడ్డముగా కట్ట పోసి, తూము పెట్టి, పై కుంట మత్తడి దుంకిన నీరు క్రింది చెరువులో పడునట్లు వరుసగా కూర్చిన గొలుసుకట్టు చెరువులే ఇచ్చటి ఏటికి శరీరము. కాకతీయుల కాలమున తెలంగాణమంతట వ్యాపించిన ఈ సంప్రదాయమునకు ఊరూర నీరడి కాపరియై యుండెను. ఏ మడికి ఎంత నీరు, ఏ పూట తూము తెరువవలెను, ఏ రాత్రి కట్టమీద మేల్కొనవలెను అనునవి అతని విద్య. ఇట్టి విద్యకు మన చరిత్రకారులు ఇచ్చిన పుటలు ఎంత స్వల్పములో తలచినప్పుడు మనసు నొచ్చుకొనును.

గోలకొండ ప్రభువులు 16వ శతాబ్దమున హుస్సేన్‌సాగరును నిర్మించి మూసీనుండి కాలువ త్రవ్వించిరి. ఆసఫ్‌జాహీల కాలమున 1897లో ఫాక్స్‌సాగర్ వెలసెను. 1908 సెప్టెంబరు 28వ తేదీ వరద నగరమును ముంచినపిదప పరిశీలనకు వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, నగరమునకు ఎగువ మూసీక్షేత్రమున 788 చెరువులుండగా అందు 221 తెగినవని గుర్తించెను. పైచెరువు తెగినచో ఆ నీరంతయు క్రింది కట్టమీద విరుచుకుపడును. గొలుసునకు గల బలమును బలహీనతయు ఒక్కటే. ఆ వరద ఫలముగా ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియయ్యెను.

ఆ పెద్ద జలాశయములతోపాటు నగరపు దృష్టి పడమటికి మరలెను. బోరుబావులు వచ్చి తూములను మరపించెను. నగరము చుట్టు 158 కిలోమీటర్ల వలయరహదారి యేర్పడెను. 2016లో మేడ్చల్ ఒక జిల్లాకు పేరయ్యెను. చెరువునకు శిఖమని సరిహద్దు కలదుగాని, చెరువునకు చెరువునకు నడుమనున్న ఒర్రెను కాచువారు లేకపోయిరి. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ క్రింద పూడిక తీయబడిన చెరువులలో సైతము, నీరు వచ్చు దారి మూసికొనిపోయినచో ఆ త్రవ్వకము వ్యర్థమేకదా.

ఆ 2015వ సంవత్సరముననే మరియొక విచిత్రము జరిగెను. ఎల్లంపల్లి వద్దనుండి గోదావరి జలము 186 కిలోమీటర్ల గొట్టములగుండ శామీర్‌పేట చేరువ ఘనపూర్ జలాశయమునకు చేరి, నగరవాసుల ఇండ్ల మీదుగా మూసీలో పడనారంభించెను. కొండలు చేయని పనిని పంపులు చేసెను. 2020 మే నెలలో ప్రారంభమైన కొండపోచమ్మసాగర్ జలాశయము, గోదావరి నీటిని సుమారు 618 మీటర్ల ఎత్తునకు తెచ్చి మిట్టపైనే నిలిపెను; 2021 ఏప్రిల్ 6న ఆ నీరు అవుసులపల్లి వద్దనుండి బంగారమ్మ చెరువు ద్వారా హల్దీలోనికి విడువబడి, మండువేసవిలో మంజీర వెంట నిజాంసాగరము దిక్కునకు సాగెను. పైనుండి క్రిందికి ఒక్కొక్క చెరువు నిండిన పిదపనే అది ముందుకు కదలెను. పూర్వులు కూర్చిన గొలుసు ఆ నీటి విడుదలకు కాలువగా పనిచేసెను. శామీర్‌పేట సమీపమున తలపెట్టిన కేశవాపురం జలాశయము మాత్రము 2024లో విరమింపబడెను. 2025 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగిన గోదావరి రెండవ, మూడవ దశల పథకమునందు మల్లన్నసాగర్ జలాశయమునుండి 20 టీఎంసీలు కొనివచ్చి, అందు రెండున్నర టీఎంసీలను మూసీ పునరుజ్జీవనమునకు వినియోగింతురు.