ట్యాంకులో కలిపేది, ఇంజన్‌కు దక్కేది

భూపాలపల్లి బొగ్గు టిప్పర్లు, గోదావరి ఇసుక లారీలు, కాళేశ్వరం పోయే కార్లు, చుట్టుపక్కల పల్లెల బైకులు. కాటారం చౌరస్తా మీదుగా రోజంతా ఏదో ఒక బండి పోతూనే ఉంటుంది. లీటరు పెట్రోలు వంద దాటిన ఈ రోజుల్లో ట్యాంకులో ఇన్ని చుక్కలు పోస్తే మైలేజీ పెరుగుతుందని ఎవరైనా చెబితే బండి నడుపుకొని బతికేవాడు చెవి ఒగ్గక మానడు. అసిటోన్, థిన్నర్, టోలుయీన్, కిరోసిన్... పేర్లు మారుతుంటాయి, ఆశ మాత్రం నూరేళ్లుగా ఒక్కటే. ఆ నూరేళ్ల చరిత్రను వరసగా చూస్తే నాకు ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. ఇంధనంలో కలిపిన ఏ ద్రవమూ తనంతట తాను మైలేజీ పెంచలేదు. ఇంజన్‌ను దానికి తగ్గట్టు మార్చుకున్నప్పుడే లాభం వచ్చింది. మార్చని చోట ఆ ఖర్చు బండి యజమాని నెత్తిన పడింది.

మొదటి పెద్ద సాక్ష్యం సీసం. ఇంజన్ల మీద బరువు పడినప్పుడు టకటకమని కొట్టుకునే జబ్బుకు మందు వెతుకుతూ, జనరల్ మోటార్స్‌లో పనిచేసే థామస్ మిడ్జ్‌లీ అయోడిన్, అనిలిన్ లాంటివి ఎన్నో కలిపి చూశాడు. చివరికి 1921 డిసెంబరులో టెట్రాఇథైల్ లెడ్ దొరికింది. గాలను పెట్రోలుకు చెంచాలోపు చాలింది. అయితే ఆ చెంచాలో శక్తి ఏమీ లేదు. అది చేసిందల్లా సిలిండర్లో పెట్రోలు అదనుకు ముందే అంటుకోకుండా ఆపడం. దాని అండతో తయారీదారులు కంప్రెషన్ పెంచారు, అదే పెట్రోలు నుంచి ఎక్కువ పని పిండారు. పాత ఇంజన్‌లో పోసి ఊరుకుంటే కొట్టుకోవడం తగ్గేదే కానీ కొత్త లాభం పుట్టేది కాదు. మరోవైపు 1924లో న్యూజెర్సీలో ఈ టెట్రాఇథైల్ లెడ్‌ను తయారుచేస్తూ కార్మికులు విషమెక్కి చనిపోయారు. ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు పిల్లల రక్తంలోకి సీసం ఎక్కింది. మన దేశంలో 2000 ఫిబ్రవరికి గానీ సీసం లేని పెట్రోలు అంతటా రాలేదు. బండ్లకు సీసం పెట్రోలు అమ్మడం ప్రపంచంలో చివరిగా అల్జీరియా 2021లో ఆపింది. మైలేజీ లెక్కలు రాసుకున్నవాళ్లెవరూ ఈ ఖర్చును ఆ లెక్కలో వేయలేదు.

రెండో ప్రపంచయుద్ధంలో పెట్రోలు కరువైనప్పుడు మన రోడ్ల మీద బొగ్గు బస్సులు నడిచాయి. మొలాసిస్ నుంచి తీసిన పవర్ ఆల్కహాల్‌ను పెట్రోల్లో కలపడం కూడా ఆ కాలంలోనే ఊపందుకుంది. స్వతంత్రం వచ్చాక 1948లో దానికో కేంద్ర చట్టమే చేశారు, 2000లో రద్దు చేశారు. అప్పట్లో ఆల్కహాల్ కలిపింది మైలేజీ కోసం కాదు. ఉన్న పెట్రోలును సాగదీసుకోవడానికి కలిపారు.

ఇక సాల్వెంట్ల అసలు చరిత్ర ధరల తేడాలో పుట్టింది. అప్పట్లో రేషన్ కిరోసిన్ చవక, పరిశ్రమలకు పోయే నాఫ్తా, టోలుయీన్ లాంటివి పన్నుల తేడా వల్ల చవక. పెట్రోలు, డీజిల్ ప్రియం. ఆ సందులో ఒక చీకటి వ్యాపారమే పెరిగింది. 1996లో తమిళనాడులో రామర్ పిళ్లై మూలికలతో పెట్రోలు చేశానంటే దేశమంతా నోరు తెరిచి చూసింది. తీరా సీబీఐ తవ్వితే తేలింది పెట్రోలియం సాల్వెంట్ల మిశ్రమం. 2016లో చెన్నై కోర్టు శిక్ష వేసింది. సాల్వెంట్లను వాహనాల్లో వాడకుండా కేంద్రం 2000లోనే ప్రత్యేక ఉత్తర్వు తెచ్చింది. అయినా కల్తీని అడ్డుకోబోయిన ఇండియన్ ఆయిల్ అధికారి మంజునాథ్ షణ్ముగంను 2005లో ఉత్తరప్రదేశ్‌లో కాల్చి చంపారు. 2011 జనవరిలో మన్మాడ్ దగ్గర అదనపు కలెక్టర్ యశ్వంత్ సోనావణేను సజీవంగా తగలబెట్టారు. కలిపితే వచ్చే లాభం ఎవరికో ఈ రెండు చావులే చెబుతాయి. బండివాడికైతే పెట్రోల్లో కిరోసిన్ పడితే ఆక్టేన్, అంటే ముందే అంటుకోకుండా తట్టుకునే గుణం, తగ్గి ఇంజన్ కొట్టుకుంటుంది, ప్లగ్గు మసిబారుతుంది. డీజిల్లో పడితే జారుడుతనం తగ్గి పంపు అరుగుతుంది.

అసిటోన్ సంగతి వేరు, అది కల్తీ కాదు, ఇంధనాన్ని బాగా ఆవిరి చేసి పూర్తిగా మండిస్తుందని దాన్ని సమర్థించేవాళ్లు అంటారు. ఈ వాదనను లెక్కతోనే చూద్దాం. లీటరు అసిటోన్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కన్నా నాలుగోవంతుకు పైగా తక్కువ. పైగా సరిగ్గా ఉన్న నేటి ఇంజన్ తనలోకి వచ్చిన పెట్రోలులో నూటికి తొంభై ఏడు పాళ్ల దాకా మండించేస్తుంది. మిగిలిన రెండు మూడు పాళ్లను కూడా మండించినా ఇరవై, ముప్ఫై శాతం మైలేజీ ఎక్కడి నుంచి వస్తుంది? ఇంజన్‌లో పోయే శక్తి అసలు మండకపోవడం వల్ల పోవడం లేదు, వేడిగా రేడియేటర్‌లోంచి, పొగగొట్టంలోంచి పోతోంది. దాన్ని ఏ చుక్కలూ పట్టి ఆపలేవు. అమెరికా పర్యావరణ సంస్థ 1970ల నుంచి ఇలాంటి పరికరాలు, మందులు వందకు పైగా పరీక్షించింది. చెప్పుకోదగ్గ ఫలితం చూపినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా లేవు. మరి వాడి చూసి పెరిగిందని చెప్పేవాళ్లు అబద్ధమాడుతున్నారా? కాదు. మందు పోసిన రోజు మనిషి యాక్సిలరేటర్ మెల్లగా తొక్కుతాడు, టైర్లలో గాలి చూసుకుంటాడు. బంకులో నింపేటప్పుడు పంపు ఆగే చోటు మారితే ట్యాంకు లెక్కే తప్పుతుంది. ఇంజెక్టర్లకు పట్టిన మడ్డి తీసే డిటర్జెంట్లు మాత్రం నిజంగా పనిచేస్తాయి. కానీ అవి పోగొట్టుకున్న మైలేజీని తిరిగి ఇస్తాయే తప్ప కంపెనీ ఇచ్చిన దానికి మించి ఇవ్వవు. బంకులో వడపోత కాగితం మీద చుక్క వేసి చూసే పరీక్ష కిరోసిన్ మరకను పట్టిస్తుంది. అసిటోన్ మాత్రం మరక లేకుండా ఎగిరిపోతుంది. అది రబ్బరు గొట్టాలను ఉబ్బించి మెత్తబరిచాక గానీ తెలియదు.

ఇప్పుడు ఇథనాల్ దగ్గరికి వచ్చాం. 2003లో ఐదు శాతం కలపడం మొదలైన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2022లో సగటు పది శాతానికి చేరింది, 2025కి ఇరవై. ఇథనాల్ ఆక్టేన్ పెట్రోలు కన్నా ఎక్కువ, లీటరులో శక్తి మాత్రం మూడోవంతు తక్కువ. 2021 జూన్‌లో నీతి ఆయోగ్ నివేదికే ఈ 20 శాతం మిశ్రమం వల్ల పాత తరం కార్లకు ఆరేడు శాతం, బైకులకు మూడు నాలుగు శాతం మైలేజీ తగ్గుతుందని, దానికి తగ్గట్టు సర్దిన కార్లకు ఒకటి రెండు శాతమే తగ్గుతుందని లెక్కగట్టింది. సీసం నేర్పిన పాఠమే ఇక్కడా నిలబడింది, ఇంజన్ మారితేనే నష్టం తగ్గుతుంది. దిగుమతి తగ్గుతుంది, మక్క రైతుకు గిరాకీ వస్తుంది అన్న వాదనను నేను కొట్టిపారేయను. మహబూబాబాద్ మక్క రైతుకు ఆ గిరాకీ కావాలి. కానీ ఇథనాల్ ఫ్యాక్టరీ పక్కన ఉండాల్సింది ఎవరన్నది మరో ప్రశ్న. నారాయణపేట జిల్లా చిత్తనూరులో 2023లో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో జనం రోడ్డెక్కింది అందుకే. దేశానికి మేలైన పని అయితే దాని ఖర్చు పదేళ్ల కిందటి బైకు నడిపే కూలి ఒక్కడే మోయకూడదు. లీటరులో శక్తి తగ్గినంత మేర ధర తగ్గించాలి, పాత బండ్ల కోసం పది శాతం మిశ్రమం బంకుల్లో ఉంచాలి. అప్పటిదాకా బండి ఉన్నవాళ్లకు చెప్పేది ఇదే. సీసాల మీద పెట్టే డబ్బు ఎయిర్ ఫిల్టర్‌కు, టైర్ల గాలికి, వేళకు చేయించే సర్వీసింగ్‌కు పెట్టండి. బంకులో సాంద్రత చూపించమని, వడపోత కాగితం ఇమ్మని అడగండి. అది మీ హక్కు.