షుగర్ అందరికీ ఒకటే, కిడ్నీలు కొందరివే ఎందుకు పోతాయి?

ఈ వారం ఎపిసోడ్‌లో టైం చాలక గబగబా చెప్పేసిన సంగతి ఇది. చాలామందికి పనికొచ్చేది కాబట్టి ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

మన రూముల్లో షుగర్ ముచ్చట వస్తే నాకు రెండు మాటలు వినపడుతుంటాయి. "మా నాయనకు షుగర్‌తోనే కిడ్నీలు ఖరాబైనయి, నా నసీబు కూడా గంతే" అని ఒకరంటారు. "మా తాతకు ముప్పై ఏండ్లు షుగర్ ఉండె, ఏం కాలే, మాది గట్టి రక్తం" అని ఇంకొకరు. ఒకాయనది భయం, ఒకాయనది ధీమా. కానీ ఇద్దరూ నమ్మేది మాత్రం ఒకటే, అంతా పుట్టుకతోనే రాసిపెట్టి ఉందని. డాక్టర్లు కూడా ఈ ప్రశ్న వెంట చాలా ఏళ్లు తిరిగారు.

1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల పిల్లాడికి మొట్టమొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు అలాంటి పిల్లలు ఎక్కువ కాలం బతికేవాళ్లు కాదు. ఇన్సులిన్‌తో జనం ఏళ్లకేళ్లు బతకడం మొదలుపెట్టాక కొత్త కష్టం బయటపడింది. కొందరికి కళ్లు, కాళ్ల నరాలు, కిడ్నీలు దెబ్బతిన్నాయి. షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీలో కనిపించే ప్రత్యేకమైన మచ్చల గురించి కిమ్మెల్‌స్టీల్, విల్సన్ అనే ఇద్దరు డాక్టర్లు 1936లోనే రాశారు. అయితే ఇది అందరికీ రాలేదు. యాభై ఏళ్లకు పైగా ఇన్సులిన్‌తో బతికినవాళ్లకు బోస్టన్‌లోని జోస్లిన్ సెంటర్ పతకం ఇస్తుంది. ఆ పతకం తీసుకున్నవాళ్లను పరీక్షిస్తే చాలామంది కిడ్నీలు బాగానే ఉన్నాయి.

మరి తేడా ఎక్కడుంది? 1989లో అమెరికాలోని మిన్నెసోటాలో ఎలిజబెత్ సీక్విస్ట్ బృందం తోబుట్టువులను చూసింది. ఇంట్లో ఒకరికి షుగర్‌తో కిడ్నీ జబ్బు వచ్చి ఉంటే, షుగర్ ఉన్న వాళ్ల తోబుట్టువులు 29 మందిలో 24 మందికి ఆ జబ్బు గుర్తులు కనిపించాయి. మొదటి మనిషి కిడ్నీలు బాగుంటే, తోబుట్టువులు 12 మందిలో ఇద్దరికే కనిపించాయి. మరుసటి ఏడాది ఆరిజోనా రాష్ట్రంలోని పీమా తెగవారి లెక్కలు వచ్చాయి. తల్లిదండ్రులిద్దరికీ మూత్రంలో ప్రొటీన్ పోకపోతే, షుగర్ వచ్చిన పిల్లల్లో 14 శాతం మందికి పోయింది. ఇద్దరికీ షుగర్ ఉండి ప్రొటీన్ కూడా పోతుంటే, పిల్లల్లో 46 శాతం మందికి పోయింది.

"చూశావా, నేను చెప్పలే?" అంటారేమో. ఆగండి. కుటుంబం అంటే జన్యువులు ఒక్కటే కాదు. తిండి, ఉప్పు, బీపీ, పేదరికం కూడా ఇంటిల్లిపాదికీ ఒకటే. పీమా వాళ్లు గీలా నది నీళ్లతో సేద్యం చేసుకున్న రైతులు. పంతొమ్మిదో శతాబ్దంలో వలస వచ్చినవాళ్లు ఎగువన నీళ్లు మళ్లించుకోవడంతో వాళ్ల పొలాలు ఎండిపోయాయి, తిండి మారిపోయింది. మెక్సికో కొండల్లో సేద్యం చేసుకుంటూ ఉన్న పీమా వాళ్లను 2006లో వీళ్లతో పోల్చారు. అక్కడ సుమారు 7 శాతం మందికి షుగర్ ఉంటే, అమెరికాలో 38 శాతం మందికి ఉంది. ఒకే మూలం ఉన్న జనమే, బతుకు మారింది.

ఇక జన్యువుల వేట సంగతి. 2019లో టైప్-1 షుగర్ ఉన్న 19 వేల మందికి పైగా మనుషుల జన్యువులను గాలించారు. కిడ్నీ జల్లెడ పొరలోని కొలాజెన్‌కు సంబంధించిన ఒక జన్యువులో చిన్న మార్పు ఉన్నవాళ్లకు కిడ్నీ జబ్బు తక్కువగా కనిపించింది. వాళ్లంతా యూరప్ మూలాల వాళ్లు కాబట్టి, దాన్ని నేరుగా మనకు అన్వయించలేం. "ఇది ఉంటే నీ కిడ్నీ పోయినట్టే" అని చెప్పే జన్యువు మాత్రం దొరకలేదు. చాలా జన్యువులు తలా కొంచెం అటో ఇటో లాగుతాయి, అంతే.

మన చేతిలో ఏముందో వేరే పరిశోధనలు చూపించాయి. మనలో ఎక్కువమందికి ఉండే టైప్-2 షుగర్ మీద బ్రిటన్‌లో ఇరవై ఏళ్లు నడిచిన అధ్యయనం 1998లో బయటికొచ్చింది. షుగర్‌ను గట్టిగా అదుపులో పెట్టినవాళ్లకు కళ్లు, కిడ్నీల వంటి చిన్న రక్తనాళాల సమస్యలు 25 శాతం తగ్గాయి. బీపీని గట్టిగా అదుపులో పెట్టినవాళ్లకు 37 శాతం తగ్గాయి. అందులో కుటుంబ చరిత్ర ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అందరూ కలిసే ఉంటారు.

కాబట్టి నాయన కిడ్నీలు పోయాయంటే, మీవి పోతాయని అర్థం కాదు, మీరు అందరికంటే ముందే చూపించుకోవాలని అర్థం. తాతకు ఏం కాలేదన్నది మీకు గ్యారంటీ కార్డు కాదు. కిడ్నీ దెబ్బతినడం మొదలైనా కాళ్లు వాయవు, నొప్పి ఉండదు. మొదట తెలిసేది మూత్రంలో ఆల్బుమిన్ టెస్టులోనే. షుగర్ ఉంటే ఏడాదికోసారి ఆ టెస్టు, కళ్ల పరీక్ష అడిగి చేయించుకోండి. బీపీ చూపించుకోండి. ఎండలో పని చేసి ఒళ్లు నొప్పులని డాక్టర్‌ను అడగకుండా రోజూ నొప్పుల గోలీలు మింగొద్దు, అవి కిడ్నీ మీద పడతాయి.

ఈ శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఒక్క మాట అడగండి. "మనింట్లో షుగర్ ఎవరికుంది?" అని మాత్రమే కాదు, "షుగర్ వచ్చినాక వాళ్ల కిడ్నీలు, కళ్లు ఎట్లున్నయి?" అని కూడా. ఆ జవాబు రాసిపెట్టుకుని, క్లినిక్‌కు పోయినప్పుడు డాక్టర్‌కు చెప్పండి.