చంద్రకాంత వెనక చపల

దేవకీనందన్ ఖత్రీ హిందీ నవల 'చంద్రకాంత' 1888లో వెలువడింది. దాన్ని చదవడం కోసమే ఎంతోమంది హిందీ నేర్చుకున్నారని రామచంద్ర శుక్ల 1929 నాటి తన సాహిత్య చరిత్రలో ఒప్పుకున్నారు. అయినా అందులో సంఘటనల వింతలే తప్ప రసమూ పాత్రచిత్రణా లేవని, ఖత్రీ నవలలను సాహిత్యం గడప బయటే నిలబెట్టారు.

నాకు ఆ గడప మీదే అనుమానం. కథలో రాకుమారి చంద్రకాంత యంత్రాలూ రహస్య మార్గాలూ నిండిన తిలిస్మ్‌లో చిక్కుకుంటుంది. దాన్ని ఛేదించే పని రాకుమారుడు వీరేంద్రసింహుడిది. ఇంతవరకూ పాత కథే. కానీ ఆమె చెలికత్తె చపల 'అయ్యారా'. మారువేషాలు, మత్తుమందులు, ఎత్తులు తెలిసిన గూఢచారిణి. విద్యలో తేజసింహుడి లాంటి మగ అయ్యార్లకు తీసిపోదు. చివరికి అతనితోనే పెళ్లి జరిపించి రచయిత ఆమెను ఇంటిదాన్ని చేస్తాడు. నిజమే. ఆ లోపల ఎన్ని పేజీలు ఆమె తన తెలివిమీద తిరిగింది!

రసం వెతికిన విమర్శకు ఈ తిరుగుడు లెక్కలోకి రాలేదు. స్త్రీ మనసును సూక్ష్మంగా చిత్రించిన గంభీరమైన నవలలు మనకు కావాలి. స్త్రీ గోడ దూకడంలోని ఆనందమూ కావాలి. 'కాలక్షేపం' అని పక్కన పడేసిన పుస్తకాల్లో ఇంకెందరు చపలలున్నారో వెతికే పని మనదే.