అరవై ఆరా, డెబ్బై రెండా?

ఇంగ్లండు వాయవ్యాన లేక్ డిస్ట్రిక్ట్ కొండల మధ్య కెజిక్ అనే చిన్న ఊరుంది. అక్కడ గెస్ట్‌హౌస్ నడుపుకునే బాబ్ గ్రాహం 1932 జూన్‌లో ఊరి నడుమ ఉన్న మూట్ హాల్ దగ్గర బయలుదేరి, చుట్టుపక్కల 42 శిఖరాలు ఎక్కి దిగి, 23 గంటల 39 నిమిషాల్లో తిరిగి అక్కడికే చేరాడు. ఆ చుట్టుకు ఆయన పేరే స్థిరపడింది. దాని దూరం మాత్రం స్థిరపడలేదు. చాలాకాలం 72 మైళ్లని రాశారు, ఇప్పుడు 66 అంటున్నారు. శిఖరాలు కదల్లేదు, ఊరూ కదల్లేదు. మరి దాదాపు పది కిలోమీటర్లు ఎటు పోయినట్టు? పాతవాళ్లు గొప్పకు పెంచి చెప్పారనుకోవడం తేలికే. కానీ వేసిన దారి లేని చోట పరుగుకు ‘ఇంత’ అనే ఒకే దూరం ఉండదు. దేనితో, ఎలా కొలిచారో చెప్పకుండా వేసిన అంకె సగం మాటే.

ముందుగా అందరికీ వచ్చే అనుమానం ఏటవాలు మీద. మ్యాపు కొండను చదునుగా చూపిస్తుంది కాబట్టి ఎక్కడం, దిగడం కలిపితే దూరం పెరుగుతుంది కదా అంటారు. పెరుగుతుంది, కానీ ఎంత? ఈ చుట్టులో మొత్తం ఎక్కుడు 27,000 అడుగులు, అంటే సుమారు 8,200 మీటర్లు. దిగుడూ అంతే. 66 మైళ్లంటే 106 కిలోమీటర్లు. వాలు అంతటా ఒకేలా ఉందనుకుని లెక్కగడితే కలిసేది కిలోమీటరు పైచిలుకు. సగం చదును, సగం ఏటవాలు అనుకున్నా రెండున్నర దాటదు. కాబట్టి కొండ ఎత్తు ఈ తేడాకు జవాబు కాదు. జవాబు వంకరల్లో ఉంది. రాతిగుట్టను ఎడమ నుంచి చుట్టాలా, కుడి నుంచా? బురదను తప్పించుకోవాలా, అడ్డంగా పడి పోవాలా? ఇలాంటి చిన్న నిర్ణయాలు ఒక రోజంతా పోగుపడతాయి.

రోడ్డు పరుగులో ఈ గొడవ లేదు, ఎందుకంటే అక్కడ కొలిచే గీత ఏదో ముందే తేల్చుకున్నారు. మలుపు దగ్గర రోడ్డు అంచు నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో, నిబంధనలు ఒప్పుకునే అతి దగ్గరి దారిన సైకిల్ నడుపుతారు. ముందు చక్రానికి జోన్స్ కౌంటర్ అనే లెక్కపెట్టే పరికరం బిగిస్తారు. 1971లో వచ్చిన ఈ పరికరాన్ని ముందుగా ఉక్కు టేపుతో కొలిచిన తిన్నని రోడ్డు మీద సరిచూసుకుంటారు. తక్కువ పడుతుందేమోనని వెయ్యికి ఒకటి చొప్పున అదనంగా కలుపుతారు, మారథాన్‌కైతే 42 మీటర్లు. అంత జాగ్రత్త! ఇదే చక్రాన్ని కొండమీద తోస్తే ప్రతి రాయీ ఎక్కి దిగుతుంది, ప్రతి గుంతనూ దూరంలో కలిపేస్తుంది. పైగా అక్కడ అంచు అనేదే లేదు, ‘అతి దగ్గరి దారి’ అంటే ఏదో ఎవరు చెప్పాలి? ఈ చిక్కును సరిహద్దుల విషయంలో పట్టుకున్నవాడు బ్రిటిష్ శాస్త్రవేత్త లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. స్పెయిన్, పోర్చుగల్ మధ్య ఉన్నది ఒకటే సరిహద్దు. దాని పొడవు ఒక లెక్కలో 987 కిలోమీటర్లు, మరో లెక్కలో 1,214. ఎవరూ అబద్ధమాడలేదు. కొలబద్ద చిన్నదయ్యేకొద్దీ వంకరలు ఎక్కువ పట్టుబడతాయి, పొడవు పెరుగుతుంది.

జీపీఎస్ వచ్చాక కూడా ఈ మాటేనా అని అడగొచ్చు. పౌరులు వాడే జీపీఎస్ సంకేతంలో కావాలని పెట్టిన మసకను 2000 మే నెలలో అమెరికా తీసేశాక అది నిజంగానే మెరుగుపడింది. అయినా వాచీ చేసేది కొన్ని చుక్కలు పెట్టి వాటిని గీతలతో కలపడమే. చుక్కల మధ్య ఎడం ఎక్కువైతే మలుపులు కోసుకుపోయి దూరం తగ్గుతుంది. ఎడం తగ్గిస్తే ఒక్కో చుక్కలోని కొన్ని మీటర్ల తడబాటు గీతను అటూ ఇటూ వంచి దూరం పెంచుతుంది. లోయలో, చెట్ల కింద ఆ తడబాటు ఇంకా ఎక్కువ. ఒకే దారిన పక్కపక్కనే పరుగెత్తిన ఇద్దరి వాచీలు రెండు అంకెలు చూపిస్తే వాచీని తిట్టి లాభం లేదు.

దీనికంటే గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. నీళ్లెన్ని మోయాలి, చీకటిపడేలోగా ఎక్కడికి చేరాలి అని తేల్చుకోవడానికి పరుగెత్తేవాడికి ఏదో ఒక అంకె ఉండాలి కదా. ఉండాలి, కానీ అతనికి కావలసింది కాలం. మన పాతకాలపు ఆమడను ఎనిమిది మైళ్లని కొందరు, పదని కొందరు అనేవారు, నడిచేవాళ్ల పని ఆగలేదు. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లోనే ఒక లెక్క చెప్పాడు: మూడు మైళ్లకు ఒక గంట, ప్రతి 2,000 అడుగుల ఎక్కుడుకు ఇంకో గంట. గ్రాహం చుట్టుకు దీన్ని వేసి చూస్తే 66 మైళ్లకు 22 గంటలు, ఎక్కుడుకు పదమూడున్నర, మొత్తం ముప్పై అయిదున్నర గంటలు. 72 మైళ్లనుకుంటే ముప్పై ఏడున్నర. ఇన్నాళ్లు తేలని ఆ ఆరు మైళ్ల విలువ రెండు గంటలే. ఎవరూ వాదించుకోని ఎక్కుడు విలువ దానికి దాదాపు ఏడింతలు. ఈ చుట్టు పూర్తిచేసినవాళ్ల బాబ్ గ్రాహం క్లబ్‌కు ఈ సంగతి తెలిసినట్టే ఉంది. సభ్యత్వం కావాలంటే మైళ్లు చూపించనక్కర్లేదు. 24 గంటల్లోపు 42 శిఖరాలూ తాకినట్టు చెప్పడానికి ఒక్కో శిఖరం మీదా పక్కన నిలబడి చూసిన మనిషి ఉండాలి.