సుంకపు గట్టు

నేడు పుదుచ్చేరి పట్టణంలో కలిసిపోయిన కదిర్కామం ఫ్రెంచివారి ఏలుబడిలో ఉళవర్కరై కమ్యూనుకు చెందిన ఊరు. ఆ నాటి పుదుచ్చేరి రాజ్యం ఏకఖండమైన నేల కాదు. ఫ్రెంచి గ్రామాల నడుమ బ్రిటిషు గ్రామాలు, బ్రిటిషు గ్రామాల నడుమ ఫ్రెంచి పొలాలు చొరబడి ఉండేవి. ఇట్టి చోట పన్ను వేయుట ఒక ప్రభుత్వం ఒంటిగా చేయగల పని కాదు. గట్టుకు ఈవల సుంకం తగ్గినచో ఆవలి ఖజానాకు గండి పడుతుంది.

ఈ సత్యాన్ని మొదట నేర్పినది ఉప్పు. 1805లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు రాజధానిలో ఉప్పును తన గుత్తాధికారం క్రిందికి తెచ్చుకొన్నది. సుంకం లేని ఫ్రెంచి ఉప్పు సరిహద్దు దాటినచో ఆ గుత్తకు విలువ ఉండదు. అందుచేత 1815 మార్చి 7న లండనులో ఒప్పందం జరిగినది. ఉప్పు, నల్లమందుల విషయమై కుదిరిన ఆ షరతులకు ప్రతిఫలంగా ఫ్రెంచివారికి ఏటా 4 లక్షల సిక్కా రూపాయలు ముట్టవలెనని నిర్ణయమైనది. 1818లో మరొక అడుగు పడినది. ఏటా 4,000 స్టారు వరహాల పరిహారానికి పుదుచ్చేరిలో ఉప్పు పండించుటయే మానిపించినారు. సముద్రం చెంతనే ఉన్నది. ఉప్పు మాత్రం పొరుగు ప్రభుత్వం ఇవ్వగా తెచ్చుకోవలసినది.

1941లో రెండు ప్రభుత్వాలు సుంకాల కూటమి ఏర్పరచుకొన్నవి. ఫ్రెంచి రేవులలోనూ భారతదేశపు సుంకాలే అమలైనవి. ఫ్రెంచి ప్రభుత్వానికి అందుకు ప్రతిఫలం లభించినది. స్వాతంత్ర్యానంతరం, 1949లో ఆ కూటమి విచ్ఛిన్నమైనది. వెంటనే చౌకీలు లేచినవి, దొంగరవాణా పెరిగినది. గోదావరి తీరాన తెలుగువారి యానాంలోనూ ఇదే కథ. అక్కడి మంగళవారపు సంతకు విదేశీ వస్తువుల కోసం చుట్టుపట్ల పల్లెల జనం తరలివచ్చేవారు. చౌక సరకు కొనేవానికి అది లాభం. బాటపై సోదాలకు నిలువవలసివచ్చినదీ వాడే.

1954 అక్టోబరు 18న కీళూరులో ప్రజాప్రతినిధులు 178 మందిలో 170 మంది భారతదేశంలో విలీనమునకు సమ్మతించినారు. నవంబరు 1న పాలన చేతులు మారినది. 1962 ఆగస్టు 16న చట్టరీత్యా విలీనం పూర్తి అయినది. సరిహద్దు చెరిగినది గాని పన్నుల తేడా చెరగలేదు. వ్యాపారాన్ని తమవైపు తిప్పుకొనుటకు రాష్ట్రాలు అమ్మకపు పన్నును పోటీపడి తగ్గించసాగినవి. ఆ పందెమును ఆపుటకే 2000లో కనీసపు రేట్లు నిర్ణయించుకొన్నవి. 2017 జులై 1న వస్తుసేవల పన్ను వచ్చినది. తగ్గిన రాబడికి అయిదేండ్ల పరిహారం హామీ ఇచ్చి రాష్ట్రాలను ఒప్పించినారు; ఆ గడువు 2022 జూనుతో ముగిసినది. మద్యం, పెట్రోలు మాత్రం ఆ పన్నుకు వెలుపలనే నిలిచినవి. అందుచేతనే నేటికీ వాటికై పొరుగువారు యానాం వస్తారు.

వరహాలనాడు గాని, నేడు గాని పన్నుల సంధి ఉచితంగా కుదరలేదు. పరిహారానికి గడువు ఉంటుంది. వదలుకొన్న అధికారానికి ఉండదు. కనుక అట్టి సంధిని తూచునపుడు ఖజానాకు వచ్చిన సొమ్మును మాత్రమే లెక్కించరాదు. తన నేలపై ఏ సరకుకు ఎంత పన్ను ఉండవలెనో నిర్ణయించుకొనే హక్కు ఎవరి చేతికి పోయినదో కూడ లెక్కించవలెను.