దొరువుల సీమ

బాపట్ల దాటి సూర్యలంక వైపు వెళ్తుంటే ఇసుక నేల మొదలవుతుంది. ఆ ఇసుకలో అక్కడక్కడా వాలు గట్ల గుంటలు ఉంటాయి. లోపలికి దిగడానికి కాళ్ల కింద నలిగి నలిగి ఏర్పడిన బాట, అడుగున మోకాలి లోతు నీళ్లు. వీటిని మేం దొరువులంటాం. సముద్రం హోరు వినపడేంత దగ్గరగా ఉంటుంది, దొరువు నీళ్లు మాత్రం తియ్యగా ఉంటాయి.

మా పెద్దమ్మ పొద్దు పొడవకముందే దొరువులోకి దిగి, రెండు చేతులా రెండు కడవలు ముంచుకుని గట్టెక్కేది. నారు దగ్గరికొచ్చి కడవ వంచేటప్పుడు మూతికి అరచెయ్యి అడ్డం పెట్టేది. నీళ్లు వేళ్ల సందుల్లోంచి జల్లులా పడేవి. ధారగా పోస్తే ఇసుక గుంటపడి వేరు బయటపడుతుందని చెప్పేది. అలా ఎన్ని కడవలు పోస్తే వంగతోట కాపుకొచ్చేదో నేను లెక్కపెట్టలేదు. ఆవిడ అరచేతులు ఎప్పుడూ చెమ్మగా ఉండేవని మాత్రం గుర్తు.

దొరువులో మాయేమీ లేదు. వాన నీరు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద పలచటి పొరలా తేలి నిలుస్తుంది. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. పైపైన తోడుకున్నంత కాలం తియ్యటి నీరే వస్తుంది. ఆశపడి లోతుగా తవ్వినా, పెద్ద మోటారు పెట్టి లాగినా అడుగునున్న ఉప్పు పైకి ఎగదన్నుతుంది. బాపట్ల వ్యవసాయ కళాశాల దగ్గర ఉప్పునీటి మీద పరిశోధన చేసే శాస్త్రవేత్తలు ఈ పాత పద్ధతినే పట్టుకుని మెరుగుపరచిన దొరువును తయారుచేశారు. తక్కువ లోతులో అడ్డంగా గొట్టాలు పరిచి, ఆ నీటిని మధ్యలో ఒక బావిలోకి రప్పించి, పై పొరను మాత్రమే తోడుకోవడం అందులో కిటుకు. చదువు లేని రైతులు తరతరాలుగా చేస్తున్నదాన్ని చదువుకున్నవాళ్లు గౌరవించి నేర్చుకున్నారు. మా ప్రాంత చరిత్రలో నాకు చాలా ఇష్టమైన ఘట్టం ఇది.

అయితే రెవెన్యూ కాగితంలో ఈ నేల పేరు వేరు. బంజరు, పోరంబోకు, పర్ర. అలా రాసిన నేలను ఎవరికైనా ఇచ్చెయ్యడం తేలిక. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మాటలే.

ఈ తీరానికి పైదేశాల ఓడలు కొత్త కాదు. నేటి నిజాంపట్నమే ఒకప్పటి పెద్దపల్లి. డచ్చివాళ్లు 1606లోనే అక్కడికి చేరారు. 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషు కంపెనీ మనుషులు దిగి, బట్టల వ్యాపారానికి కొఠీ పెట్టారు. వాళ్లు తీరాన్ని వాడుకున్నారు గానీ నేలను వేల ఎకరాల్లో అడగలేదు. ఊళ్లకు ఊళ్లే ఎదురు తిరగడం కూడా ఇక్కడ పాత సంగతే. 1921లో మున్సిపాలిటీ పన్ను కట్టబోమని చీరాల, పేరాల జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఇళ్లు వదిలి, రామనగర్ అనే చోట పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు.

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనను మా తరంలో ఎవరూ మరిచిపోలేదు. కృష్ణకు అవతలి గట్టున దివిసీమ కొట్టుకుపోయింది. ఇవతల రేపల్లె, బాపట్ల తాలూకాలూ శవాలను లెక్కపెట్టుకున్నాయి. సర్కారు లెక్కలోనే మృతులు పది వేలకు అటూ ఇటూ. ఆ తర్వాత తీరం పొడవునా గాలిని ఆపడానికి సరుగుడు తోటలు పెంచారు. కృష్ణ ముఖద్వారం దగ్గరి మడ అడవి విలువ కూడా అప్పుడే చాలామందికి తెలిసొచ్చింది. అసైన్డ్ భూముల అమ్మకాన్ని నిషేధించిన చట్టం వచ్చింది కూడా 1977లోనే. సర్కారు పేదవాడికి డి-పట్టా ఇచ్చిన భూమిని ఎవరూ కొనకూడదని, అతను అమ్మకూడదని అప్పట్లో ఆ చట్టం చెప్పింది. ఆ పట్టాలను నమ్ముకునే ఇసుకలో దొరువులు తవ్వారు, వేరుశనగ వేశారు, సరుగుడు పెంచి గుంజలను మిల్లులకు అమ్మారు.

2008 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం, అరబ్బు దేశమైన యూఏఈలోని రస్ అల్ ఖైమా ఎమిరేటుతో ఒప్పందం చేసుకుంది. పేరు వాడరేవు–నిజాంపట్నం ఓడరేవుల, పారిశ్రామిక కారిడార్. జనం నోట వాన్‌పిక్. రెండు రేవులు, ఓడలు కట్టే యార్డు, విమానాశ్రయం, ఫ్యాక్టరీలు వస్తాయన్నారు. అప్పటి ప్రకాశం, గుంటూరు జిల్లాల తీరంలో పది వేల ఎకరాలకు పైగా భూమి దాని కింద చేరింది. ప్రైవేటు భూములు కొన్నారు. డి-పట్టా భూములను సర్కారే వెనక్కి తీసుకుని పరిహారం పేరుతో కొంత డబ్బు ఇచ్చింది.

డబ్బు తీసుకున్నవాళ్లున్నారు. వాళ్లను నేను తప్పుపట్టను. ‘నీది పట్టా భూమి కాదు, ఇవ్వకపోయినా తీసుకుంటారు, ఇచ్చినప్పుడే పుచ్చుకో’ అని చెప్తే ఆడపిల్ల పెళ్లి నెత్తిమీదున్న రైతు ఏం చేస్తాడు? అయినా చాలామంది కాదన్నారు. రైతు సంఘాలు, వామపక్షాలు, మత్స్యకారులు కలిసి ధర్నాలు చేశారు. రైతులది నేల బాధ, పల్లెకారులది దారి బాధ. పెద్ద రేవు కట్టాక ఒడ్డున వలలు ఆరేసుకునే చోటు ఎవరిది? తెల్లవారుజామున పడవ దించే చోట గేటు పెట్టి గుర్తింపు కార్డు అడిగితే ఏం చెయ్యాలి? వాళ్లకు రేవు అక్కర్లేదని కాదు. నిజాంపట్నం ఫిషింగ్ హార్బరు బాగుపడాలని ఏళ్ల తరబడి అడిగింది వాళ్లే. తమ బోటు ఆగే రేవు కావాలన్నారు, తమను ఆపే రేవు వద్దన్నారు. ఈ తేడాను అభివృద్ధి నిరోధం అన్నవాళ్లు ఒక్కసారైనా ఒడ్డుకొచ్చి విని ఉండాల్సింది.

దొరువుల మాట ఎవరూ పెద్దగా ఎత్తలేదు. ఓడ రావడానికి లోతుగా కాలువ తవ్వితే సముద్రపు నీరు ఇసుకలోకి చొరబడుతుంది. పైన తేలే ఆ పలచటి తీపి పొర చెడితే మళ్లీ రావడానికి ఎన్ని వానలు కావాలి?

2012 మేలో వాన్‌పిక్ భూముల వ్యవహారంలో సీబీఐ అరెస్టులు మొదలయ్యాయి. అప్పటి మా రేపల్లె ఎమ్మెల్యే, మంత్రి మోపిదేవి వెంకటరమణ కూడా అరెస్టయ్యారు. ఆ కేసులు ఏళ్ల తరబడి కోర్టుల్లో నడిచాయి, భూములు జప్తుల్లో చిక్కుకున్నాయి. అనుకున్న రేవులు రాలేదు, తీసుకున్న నేల రైతుకు తేలిగ్గా తిరిగి రాలేదు. గెలిచామని మావాళ్లు ఎవరూ తప్పెట కొట్టలేదు.

మా తప్పు కూడా చెప్పాలి. వాన్‌పిక్ కంటే ముందే రొయ్యల చెరువులు దొరువులను ఉప్పు చేశాయి. తీరంలో ఆ చెరువులను తొలగించమని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2005లో చట్టం చేసి అనుమతులతో మళ్లీ దారి తెరిచారు. రేవు వద్దని అరిచిన కొందరి పొలాల్లోనే చెరువులున్నాయి. బయటివాడి ఉప్పునూ మన ఉప్పునూ ఒకే కొలతతో కొలవకపోతే మన మాటకు బరువుండదు.

ఈమధ్య అమెరికాలోని లూసియానా తీరం గురించి చదివాను. కామెరాన్ అనే చోట సహజవాయువును మైనస్ 162 డిగ్రీలకు చల్లార్చి, ఆరువందవ వంతుకు కుదించి, ఓడల్లో ఎగుమతి చేసే కేంద్రాలున్నాయి. 2022లో మొదటి ఓడ బయల్దేరిన కేంద్రం పక్కనే ఇంకోటి కడుతుంటే రొయ్యలు పట్టే జాలర్లు అడ్డం తిరిగారు. ఓడల దారి కోసం తవ్విన బురద తమ వేటను పాడుచేస్తోందన్నది వాళ్ల ఫిర్యాదు. అదే జాలర్లు మన దేశం నుంచి వెళ్లే చవక రొయ్యల వల్ల ధర పడిపోయిందని కూడా బాధపడుతున్నారు. ఆ రొయ్యల్లో మా నిజాంపట్నానివీ ఉండవచ్చు. వాళ్ల గొడవా మా గొడవా ఒకటేనని చదువుతున్నంతసేపూ అనిపించింది, మా చెరువులు తలుచుకుంటే సిగ్గూ వేసింది.

మన దేశం గ్యాసును ఓడల్లో ఎగుమతి చెయ్యదు, దిగుమతి చేసుకుంటుంది. కానీ గ్యాసు భయం తెలుగు తీరానికి తెలుసు. 1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడిలో గ్యాసు బావి పేలి 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున అదే కోనసీమలో నగరం అనే ఊళ్లో గ్యాసు పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. అది కొండపల్లి విద్యుత్ కేంద్రానికి గ్యాసు తెచ్చే గొట్టం. అంటే ఆ గ్యాసుతో కరెంటు తయారయ్యేది మా వైపే.

2022 ఏప్రిల్లో బాపట్ల జిల్లా కేంద్రమైంది. రేపల్లె ఆ జిల్లాలో చేరింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. అయినా మా తెనాలి బజారుకు చేపలు ఆ ఒడ్డు నుంచే వస్తాయి. కొత్త కలెక్టరాఫీసుకు నాదొక్కటే విన్నపం. తీరంలో భూమి ఎవరికిచ్చినా, ఇచ్చేముందు ఆ సర్వే నంబరులో ఎన్ని దొరువులున్నాయో, ఏ దాంట్లో నీళ్లు తియ్యగా ఉన్నాయో వెళ్లి రుచి చూసి రాయించండి. రెవెన్యూ లెక్కైన అడంగల్లో నీటి వనరుకు గడి ఉంది కదా, దాన్ని ఖాళీగా వదలొద్దు.

పోయిన మాఘంలో సూర్యలంక దారిలో ఆగాను. ఒకతను పారతో దొరువు పూడిక తీస్తున్నాడు. కాసేపు చూస్తూ నిలబడితే దోసిలితో ముంచి నాకందించాడు. చల్లగా ఉన్నాయి. అడుగున ఇసుక రేణువులు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.